స్లాబ్ పోసే ముందురోజు బీముల దగ్గర తీసుకోవలసిన జాగ్రత్తలు

కాంక్రీటు పోసే రోజున ఇంటి యజమాని చూపంతా మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం) మీద, బస్తాల లెక్క మీద ఉంటుంది. బీములో ఇనుము ఎలా కట్టారో చూడటానికి ముందురోజు సాయంత్రమే చివరి అవకాశం. కనుక ఆ సాయంత్రం డ్రాయింగు, టేపు తీసుకుని సెంట్రింగు మీదికి ఎక్కాలి. ముందుగా బీము మధ్యభాగం దగ్గరికి కాదు, స్తంభాన్ని కలిసే కొసల దగ్గరికి వెళ్లాలి.

దీనికి కారణం ఉంది. వంపుకు (భారం బీమును వంచే ప్రభావానికి) చాలని బీములో, ఇనుము పరిమితికి మించకుండా డిజైన్ చేసినట్లయితే, మధ్యలో అడుగున నిలువు పగుళ్లు వస్తాయి, చువ్వలు సాగుతాయి, బీము కుంగుతుంది. ఇంట్లోవాళ్లకు ముందే తెలుస్తుంది. కోతకు (బీములో పక్కపక్క భాగాలను ఒకదాని మీద ఒకటి జార్చే బలానికి, అంటే షియర్‌కు) చాలని బీములో మాత్రం ఆధారానికి దగ్గరగా ఏటవాలు పగులు పుట్టి, దాదాపు ఏ హెచ్చరికా లేకుండా విరిగిపోతుంది. 1955లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, షెల్బీలో వైమానిక దళ గిడ్డంగి పైకప్పు దూలాలు ఇలాగే కూలాయి. పగులు వచ్చిన చోట రింగులు, అంటే పొడవు చువ్వలను చుట్టి కట్టే ఇనుప చట్రాలు, లేవు. కాంక్రీటు కుంచించుకోవడం వల్ల పుట్టిన లాగుడు కూడా దానికి తోడైంది.

ఒక మామూలు ఇంటి బీమును లెక్కగట్టి చూద్దాం. వెడల్పు 230 మి.మీ., పనికొచ్చే లోతు (బీము పై అంచు నుంచి కింది చువ్వల మధ్య వరకు) 410 మి.మీ., నిడివి 4 మీటర్లు, రెండు కొసలా ఆనించినది, భద్రతా గుణకంతో కలిపి మీటరుకు 40 కిలోన్యూటన్ల భారం అనుకుంటే, మధ్యలో వంపు 80 కిలోన్యూటన్ మీటర్లు, కొసలో కోత 80 కిలోన్యూటన్లు అవుతాయి. ఎం20 రకం కాంక్రీటు, ఎఫ్‌ఈ500 రకం ఇనుముతో వంపుకు దాదాపు 520 చదరపు మి.మీ. ఇనుము కావాలి, మూడు 16 మి.మీ. చువ్వలు వేస్తే 603 వస్తుంది. కోత ఒత్తిడి చదరపు మి.మీ.కు 0.85 న్యూటన్లు కాగా కాంక్రీటు తనంతట తాను మోసేది సుమారు 0.52 మాత్రమే, మిగిలినది రింగులు మోయాలి. 8 మి.మీ. రింగులు 300 మి.మీ. దూరంలో వేసినా కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఈ లెక్క సరిపోతుంది, కానీ విజయవాడ లాంటి మూడో భూకంప జోనులోని కట్టడంలో స్తంభాలతో కలిసిన బీముకు భూకంపాలను తట్టుకునే నిర్మాణ ప్రమాణం ఐఎస్ 13920 ప్రకారం ప్రతి కొస నుంచి బీము లోతుకు రెండింతల దూరం వరకు రింగుల మధ్య ఎడం 100 మి.మీ. మించకూడదు, మొదటి రింగు స్తంభం ముఖం నుంచి 50 మి.మీ. లోపే ఉండాలి.

ఒక పనిలో నేను టేపు పట్టి కొలిస్తే కొసలో రింగుల మధ్య 180 నుంచి 200 వరకు వచ్చింది. రింగులు తక్కువ పడటంతో ఉన్నవాటినే బీము పొడవునా సమంగా సర్దేశారు. రింగుల కొక్కేలు కూడా 90 డిగ్రీల దగ్గరే ఆగాయి. కాంక్రీటు పెచ్చులూడితే అలాంటి కొక్కెం విప్పుకుపోతుంది కాబట్టి 135 డిగ్రీలు వంచి, కొసను బీము లోపలికి తిప్పాలి. ఆ రాత్రే కొత్త రింగులు కట్టించాము. పోత ఒక రోజు ఆలస్యమైంది.

బాల్కనీ బీముల్లో ప్రధాన ఇనుము పైన ఉంటుంది, దాన్ని తొక్కుకుంటూ పని చేస్తే కిందికి దిగిపోతుంది. దిగినంత మేరా బలం పోయినట్టే కాబట్టి కింద చైర్లు (చువ్వలను ఎత్తులో నిలిపే ఆధారాలు) పెట్టించి, నడవడానికి పలకలు వేయించాలి. కవరును (ఇనుము మీద ఉండే కాంక్రీటు మందాన్ని) రింగు బయటి అంచు నుంచి కొలవాలి: ఎండావానలు తగలని లోపలి బీముకు 20 మి.మీ., సముద్రపు గాలికి తెరుచుకున్న బీముకు 45 మి.మీ. కవరు బ్లాకుల బదులు కంకర రాళ్లు పెడితే ఒప్పుకోకండి. పైపుల కోసం ఆధారం పక్కన బీములో రంధ్రం పెట్టడం ఇంజనీరు అనుమతి లేకుండా జరగనివ్వకూడదు, ఎందుకంటే కోత అత్యధికంగా ఉండేది సరిగ్గా అక్కడే.

పోసేటప్పుడు పల్చగా జారాలని అదనంగా నీళ్లు కలపనివ్వకండి. సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండ తీవ్రంగా ఉంటే 10 రోజులు తడపాలి. బీము కింది సపోర్టులు 6 మీటర్ల నిడివి వరకు 14 రోజులు, అంతకు మించితే 21 రోజులు ఉండాలి. అద్దె పెరుగుతోందని సెంట్రింగువాళ్లు పదో రోజున వస్తే, వాటిని ముట్టుకోనివ్వకుండా తిప్పి పంపండి.