పాత రిసీవర్, పాత స్పీకర్లు – 3వ పాఠం: మొదటిసారి కరెంటు ఇవ్వడం

పోయిన పాఠంలో స్పీకర్ల పని పూర్తి చేశాం. ఊఫర్ (బాస్ పలికించే పెద్ద కోన్) చుట్టూ పొడిపొడిగా రాలిపోయిన ఫోమ్ రింగు తీసి కొత్తది అతికించాం. మల్టీమీటర్‌తో కాయిల్ కూడా చూశాం. 8 ఓమ్‌ల స్పీకర్‌కి మీటరులో 6 దగ్గర్లో, 4 ఓమ్‌ల దానికి 3 దగ్గర్లో అంకె వచ్చి ఉంటే కాయిల్ బాగున్నట్టే. ఇప్పుడా స్పీకర్లని తీసుకెళ్లి పక్క గదిలో పెట్టేయండి. ఈ పాఠం చివరికొచ్చేదాకా వాటితో పని లేదు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. నాకు మొదటి రిసీవర్ (రేడియో, ఆంప్లిఫయర్ ఒకే డబ్బాలో ఉన్న సెట్టు) దొరికిన రోజు సాయంత్రమే ఆగలేక స్పీకర్లు తగిలించి స్విచ్ వేశాను. ధబ్‌మని ఒకే ఒక్క చప్పుడు. ఎడమవైపు ఊఫర్ కోన్ ముందుకు తన్నుకొచ్చి అక్కడే బిగుసుకుపోయింది. ఏం జరిగిందో నాకు అర్థమయ్యేలోపే కాలిన వార్నిష్ వాసన వచ్చింది. రిసీవర్‌లో ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒకటి షార్టయి ఉంది. దాంతో డీసీ కరెంటు నేరుగా స్పీకర్ కాయిల్లోకి పోయింది. ఆ సెట్టుకి ప్రొటెక్షన్ రిలే, అంటే లోపం ఉంటే స్పీకర్ లైను కలపకుండా ఆపే స్విచ్, కూడా లేదు. ఐదు నిమిషాలు మీటరు పెట్టి చూసి ఉంటే ఆ ఊఫర్ ఇప్పటికీ పాడుతూ ఉండేది. దానికి జోడు నాకు మళ్లీ దొరకలేదు. అందుకే ఈ పాఠాల్లో ఎప్పుడూ స్పీకర్లది చివరి వంతు.

ఈ పాఠానికి నా దగ్గరున్న పయొనీర్ ఎస్‌ఎక్స్-780ని ముందు పెట్టుకుంటున్నాను. 1970ల చివర్లో వచ్చిన సెట్టు, ఛానెల్‌కి 45 వాట్లు. ఈ రోజుల్లో చిన్న బ్లూటూత్ డబ్బాల మీద కూడా వందలకొద్దీ వాట్లు రాస్తున్నారు కాబట్టి 45 అంటే తక్కువనిపిస్తుంది. ఒకప్పుడు అమెరికాలోనూ కంపెనీలు ఇష్టమొచ్చిన అంకెలు వేసుకునేవి. 1974లో అక్కడి ప్రభుత్వం నిబంధన తెచ్చాక, రెండు ఛానెళ్లూ ఒకేసారి, ఆగకుండా ఎన్ని వాట్లు ఇవ్వగలవో కొలిచి రాయాల్సి వచ్చింది. ఆ తర్వాత అమెరికా మార్కెట్‌కి వచ్చిన రిసీవర్ మీద 45 అని ఉంటే అది గట్టి 45. మన హాలు గదికి ధారాళంగా సరిపోతుంది.

ముందు సెట్టుని తిప్పి వెనక చూడండి. కరెంటు తీగ దగ్గర ఎన్ని వోల్టులో రాసి ఉంటుంది. అమెరికాలో ఉన్న బంధువులు తెచ్చినదైతే దాదాపుగా 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని కనిపిస్తుంది. దాన్ని మన 230 వోల్టుల గోడ సాకెట్లో పెడితే క్షణంలో ఫ్యూజు పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కూడా మాడిపోవచ్చు. మిగతా దేశాల కోసం చేసిన సెట్లలో చాలావాటికి వెనక వోల్టేజీ సెలెక్టర్ ఉంటుంది. అది ఉంటే 220 లేదా 240 మీదికి తిప్పి, ఫ్యూజు సరైనదేనా చూసుకుంటే చాలు. లేకపోతే మన 230 వోల్టులని తగ్గించి ఇచ్చే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. హైదరాబాద్ వాళ్లకి కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నైలో ఉన్నవాళ్లకి రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది. ఇంత సెట్టుకి 500 వీఏ (వోల్ట్-ఆంపియర్, అది మోయగల లోడు) తీసుకోండి. చేత్తో ఎత్తితే బరువుగా ఉండాలి, లోపల రాగి తీగ, ఇనుప రేకులు ఉన్నాయనడానికి అదే గుర్తు. ప్రయాణాల్లో హెయిర్ డ్రయర్ల కోసం అమ్మే అరచేతి సైజు కన్వర్టర్లు రిసీవర్‌కి పనికిరావు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 60 కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది. స్టెప్‌డౌన్ 120 బదులు 110 ఇస్తే ఆ వేడి కాస్త తగ్గుతుంది, అందుకే నేను 110దే వాడతాను.

ఇప్పుడు అసలు పని. ఏళ్ల తరబడి అటక మీద పడుకున్న సెట్టుకి ఒక్కసారిగా కరెంటు ఇవ్వకూడదు. లోపల ఏదైనా షార్టయి ఉంటే ఫ్యూజుతో పాటు మంచి పార్టులు కూడా పోతాయి. దీనికి మన మెకానిక్కులు ఎప్పటినుంచో వాడే మందు సిరీస్ బోర్డు. మోటార్లకి వైండింగ్ చేసే ఏ షాపుకి వెళ్లినా గోడకి ఒకటి కనిపిస్తుంది. చెక్క పలక మీద ఒక బల్బు హోల్డరు, ఒక త్రీపిన్ సాకెట్ ఉంటాయి. ఫేజు తీగ ముందు బల్బులోకి వెళ్లి, అక్కడి నుంచి సాకెట్‌కి వస్తుంది. న్యూట్రల్, ఎర్త్ తీగలు నేరుగా సాకెట్‌కే. వైరింగు అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. బల్బు మాత్రం ఫిలమెంటుదే కావాలి, 100 వాట్లది. ఎల్‌ఈడీ ఈ పనికి రాదు. కోడిపిల్లలకి వెచ్చదనం కోసం ఫారాల వాళ్లు ఇలాంటి బల్బులే వాడతారు, కాబట్టి ఊళ్లలో ఇంకా దొరుకుతున్నాయి.

గోడ సాకెట్ నుంచి సిరీస్ బోర్డు, దాన్నుంచి స్టెప్‌డౌన్ (మీ సెట్టుకి అవసరమైతేనే), దాన్నుంచి రిసీవర్. ఈ వరస మారకూడదు. రిసీవర్ తగిలించకముందు స్టెప్‌డౌన్ ఒక్కదానికే కరెంటు ఇచ్చి చూడండి, బల్బు దాదాపు వెలగకూడదు. తర్వాత రిసీవర్ వాల్యూమ్ సున్నాకి తిప్పి, ప్లగ్గు పెట్టి, పవర్ స్విచ్ నొక్కండి. కళ్లు బల్బు మీదే ఉండాలి. ఒక్క క్షణం భగ్గున వెలిగి, వెంటనే మందగించి ఎర్రగా మిణుకుమంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. కరెంటు నిల్వ చేసే లోపలి పెద్ద కెపాసిటర్లు నిండేటప్పుడు అలా వెలుగుతుంది. మందగించకుండా నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టుంది, తక్షణం ఆపేయండి. ఆ సెట్టు మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

బల్బు మందగించింది, డయల్ దీపాలు మసకగా వెలిగాయి అనుకుందాం. అలాగే పది నిమిషాలు వదిలి, పక్కనే కూర్చుని వాసన చూడండి. పాత దుమ్ము వేడెక్కిన వాసన కాసేపట్లో పోతుంది. నీచు వాసన లాంటిది వస్తే కెపాసిటర్ కారుతున్నట్టు అనుమానించాలి. రిలే ఉన్న సెట్టైతే కొద్ది సెకన్ల తర్వాత టక్‌మని దాని చప్పుడు రావాలి. సిరీస్ బల్బు ఉన్నంతసేపూ వోల్టేజీ తక్కువే అందుతుంది కాబట్టి ఆ టక్ రాకపోయినా టెన్షన్ పడకండి. అంతా మామూలుగా ఉంటే సిరీస్ బోర్డు తీసేసి, స్టెప్‌డౌన్ మీదే నేరుగా పెట్టండి. ఇప్పుడు మాత్రం టక్ వినిపించి తీరాలి. వినిపించకపోతే ప్రొటెక్షన్ సర్క్యూట్ ఏదో లోపం పసిగట్టి స్పీకర్ లైను కలపడం లేదన్నమాట, లేదంటే రిలేనే పాడైంది.

టక్ వచ్చాక నా ఊఫర్‌ని కాపాడగలిగే పరీక్ష చేయాలి. స్పీకర్ సెలెక్టర్‌ని 'A' అన్న గుర్తు మీద పెట్టి, మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల రేంజిలో ఉంచండి. ఎర్ర ముల్లు వెనక ఎడమ స్పీకర్ టెర్మినల్ ప్లస్ మీద, నల్లది మైనస్ మీద. దాదాపు సున్నా చూపిస్తే 200 మిల్లీవోల్టుల రేంజికి దించండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. 100 దాటితే స్పీకర్ తగిలించవద్దు. వోల్టుల్లోనే చూపిస్తే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయిందనే అర్థం. కుడివైపూ ఇలాగే చూసి, పావుగంట ఆగి రెండూ మళ్లీ కొలవండి. వేడెక్కాక అంకె మారే సెట్లున్నాయి. నాలుగు అంకెలూ ఒక కాగితం మీద రాసి సెట్టు అడుగున అతికించండి. వచ్చే ఏడాది కొలిచినప్పుడు పోల్చుకోవడానికి ఉంటాయి.

ఇక వాల్యూమ్ తిప్పితే వచ్చే గరగర. ప్లగ్గు పీకేసి, కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగడానికి పావుగంట ఆగి, పై మూత విప్పండి. వాల్యూమ్ నాబ్ వెనక గుండ్రటి రేకు డబ్బా ఉంటుంది, దానికి తీగలు అతికిన చోట సన్నటి సందు కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్స్ కోసం అమ్మే కాంటాక్ట్ క్లీనర్ గొట్టాన్ని ఆ సందులో ఆనించి, ఒక్క క్షణం సేపు కొట్టండి. తలుపు బందులకి కొట్టే స్ప్రే వద్దు. తర్వాత నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి ముప్పై సార్లు తిప్పండి. మొదట్లో వేలికి తగిలే గరుకు పదో తిప్పుకి తగ్గడం తెలుస్తుంది. బాస్, ట్రెబుల్, బ్యాలెన్స్ నాబులకీ, ముందున్న ప్రతి స్విచ్‌కీ ఇదే వైద్యం. టేప్ మానిటర్ స్విచ్‌ని మాత్రం మరిచిపోవద్దు. అది ఆన్‌లో ఉంటే రిసీవర్, అక్కడ లేని టేప్‌రికార్డర్ కోసం వెతుకుతూ నోరు మెదపదు. సెట్టు చచ్చిపోయిందని చవగ్గా అమ్మేసుకున్న వాళ్లని చూశాను. కొన్ని మోడళ్లలో వెనక ప్రీ ఔట్, మెయిన్ ఇన్ అనే రంధ్రాలని కలుపుతూ యూ ఆకారంలో లోహపు ముక్కలుంటాయి, అవి ఊడిపోయినా అంతే.

క్లీనర్ పూర్తిగా ఆరాక మూత బిగించండి. ఫోను కలపాలంటే ఆక్స్ అని రాసిన చోటే కలపండి. ఫోనో అన్నది రికార్డు ప్లేయర్ ఇచ్చే అతి సన్నటి సిగ్నల్ కోసం, అక్కడ ఫోను పెడితే పాట చిట్లిపోతుంది.

ఇప్పుడు పక్క గది నుంచి స్పీకర్లు తెచ్చుకోండి. పవర్ ఆపి, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ తగిలించి, తీగ పోగులు ఒకదానికొకటి తాకడం లేదని వేలితో తడిమి చూడండి. ఎఫ్‌ఎం మీద పెట్టి, డయల్ ముల్లుని మెల్లగా జరపండి. హైదరాబాద్‌లో అయితే 102.8 దగ్గర వివిధ భారతి వస్తుంది. అమెరికా సెట్టులో మన ఎఫ్‌ఎం కొంచెం మెత్తగా, తాళాల జల్లు తగ్గినట్టు వినిపిస్తుంది. అక్కడి ప్రసార పద్ధతికి తగ్గట్టు చేసిన సర్క్యూట్ అది, లోపం కాదు. ట్రెబుల్ నాబ్‌ని ఒక గీత పెంచుకోండి.

వచ్చే పాఠానికి ఒక కొలిచే టేపు, రెండు గట్టి స్టూళ్లు సిద్ధం చేసుకోండి. స్పీకర్లని గోడకి ఎంత దూరంలో, ఎంత ఎత్తులో పెట్టాలో చూద్దాం. అప్పటిదాకా రోజూ ఒక గంట, తక్కువ వాల్యూమ్‌లో సెట్టుని పాడించండి.