ముసురు పట్టకముందే ల్యాబులో శిలీంధ్రాలకు జాగ్రత్తలు

గోదావరికి ఎర్రనీరు తగిలేలోపే కల్చర్ల (ల్యాబులో పెంచి దాచుకునే శిలీంధ్రాల) పని తేల్చుకోవాలి. మృగశిర కార్తె వచ్చిందంటే డెల్టాలో గాలే తడిగా ఉంటుంది. దూది బిరడాలు ఆ చెమ్మ పీల్చి మెత్తబడితే బూజు వాటిలోంచే లోపలికి దిగుతుంది. ఈదురుగాలికి కరెంటు పోయి వస్తూ ఉంటే ఫ్రిజ్‌లోని గొట్టాలకు లోపల నీటిబొట్లు పడతాయి. అందుకే ప్రతి కల్చర్‌నూ రెండు పద్ధతుల్లో, రెండు చోట్ల ఉంచండి. అందులో ఒకటైనా కరెంటు అక్కర్లేనిది కావాలి.

ట్రైకోడెర్మా, ఫ్యుజేరియం శిలీంధ్రాలు పీడీఏ స్లాంట్ల (బంగాళాదుంప, చక్కెర కలిపిన అగార్ జెల్లీని గొట్టంలో ఏటవాలుగా గడ్డకట్టించినవి) మీద 4 డిగ్రీల్లో నాలుగైదు నెలలు బాగానే ఉంటాయి. అన్నింటినీ అలాగే ఫ్రిజ్‌లోకి తోస్తేనే చిక్కు. వరిగడ్డి పుట్టగొడుగు, అదే వోల్వేరియెల్లా, ఆ చలికి చచ్చిపోతుంది. దాన్ని 15 డిగ్రీలకు తగ్గకుండా ఉంచి, నెలా రెండు నెలలకోసారి కొత్త స్లాంట్‌కు మార్చుకోవాలి. కొబ్బరి మొవ్వుకుళ్లు, కోకో కాయకుళ్లు తెచ్చే ఫైటోఫ్తోరాకూ ఫ్రిజ్ పడదు (అసలది నిజమైన శిలీంధ్రం కూడా కాదు). 15–20 డిగ్రీల్లో నీళ్లలో ఉంచడం మేలు.

ఇటలీ శాస్త్రవేత్త కాస్టెల్లాని 1939లో చెప్పిన ఈ నీళ్ల పద్ధతి మన ఊళ్లకు బాగా సరిపోతుంది. మూత బిగుసుకునే చిన్న సీసాలో 5 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోసి ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపే పరికరం) చేయండి. చల్లారాక, లేత కాలనీ అంచు నుంచి 6 మి.మీ. ముక్కలు ఎనిమిదో పదో కోసి వేయండి. నడిమి ముదురు భాగం వద్దు. ముక్కలు మరీ ఎక్కువైతే అగార్‌లోని పోషకాలు నీళ్లలోకి దిగి, నిద్రపోవాల్సిన శిలీంధ్రం పెరగడం మొదలెడుతుంది.

స్లాంట్‌ను నూనెతో కప్పి దాచేది మరో పద్ధతి. ఇందులో చాలామంది తప్పేది తడి దగ్గరే. ఆ నూనెను, అంటే లిక్విడ్ పారాఫిన్‌ను, వరుసగా రెండు రోజులు 121 డిగ్రీల్లో 15 నిమిషాల చొప్పున ఆటోక్లేవ్ చేస్తే తెల్లగా మసకబారుతుంది. అది లోపలి నీరు. హాట్ ఎయిర్ ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, తేటపడ్డాకే వాడండి. బాగా పెరిగిన స్లాంట్ కొసకు పైన సెంటీమీటరు ఎత్తు నూనె నిలవాలి. కొస బయటికి తేలితే అక్కడినుంచి అగార్ ఎండిపోతుంది. మరీ లోతైతే ప్రాణవాయువు అందదు. తిరిగి తీసేటప్పుడు లూప్‌కు (కల్చర్‌ను తీసే తీగకు) అంటిన నూనెను గొట్టం గోడకు ఒత్తి వదిలించండి. అలాగే మంటలో పెడితే బతికున్న శిలీంధ్రంతో సహా చిట్లుతుంది.

వానాకాలంలో అసలు దొంగలు మైట్లు, నల్లి జాతి చిన్న పురుగులు. కంటికి ఆనవు. ప్లేటులో ఎవరో నడిచిపోయినట్టు వరుసగా కొత్త కాలనీలు లేస్తే అవే. గడ్డి, మట్టి, తెగులు ఆకుల శాంపిళ్లను కల్చర్ గదిలోకి తేవద్దు. మైట్లు పట్టిన గొట్టాన్ని వెంటనే ఆటోక్లేవ్‌లో వేయండి. మళ్లీ దొరకనిదైతే నూనె పోసి ఒక రోజు ఉంచి, కొత్త స్లాంట్‌కు మార్చండి.

లేబుల్ పెన్సిల్‌తో రాయాలి, చెమ్మకు సిరా కారుతుంది. రెండో సెట్టును వరద ముంపు లేని ఊళ్లో దాచండి. పోతే తిరిగిరాని కల్చర్‌నైతే చండీగఢ్‌లోని ఎంటీసీసీ వంటి జాతీయ సేకరణకు ముందే పంపండి. దాచిన వారానికి ప్రతి బ్యాచ్ నుంచి ఒక సీసా తెరిచి పీడీఏ మీద మొలుస్తుందో లేదో చూడండి. మొలవకపోతే పాత స్లాంట్ చేతిలో ఉండగానే మళ్లీ చేసుకోవచ్చు.