గట్టు మీది ఆకు గొంతు దిగే ముందు

తొలి వానలు పడితే అనంతపురం, కడప పల్లెల్లో చెనిక్కాయ చేల గట్లన్నీ పచ్చబడతాయి. నేల ఉసిరి, ఉత్తరేణి, తిప్పతీగ ఎక్కడ చూసినా కనిపిస్తాయి. అవ్వాతాతలు వీటిని మందుగా వాడారంటే వాళ్లకు చెట్టును గుర్తుపట్టే కన్ను ఉండేది. ఇప్పుడు ఫోన్‌లో బొమ్మ చూసి పీక్కొచ్చేవాళ్లే ఎక్కువ. నా భయమంతా అదే.

నేల ఉసిరినే తీసుకోండి. రెమ్మ తిప్పి చూస్తే ఆకుల అడుగున సన్నటి గుండ్రని కాయలు వరసగా ఉండాలి. కాడ తుంచితే పాలు రాకూడదు. పాలు కారితే అది నానబాలు లాంటి వేరే మొక్క, పారేయండి. సరైనదే దొరికినా, ఆ గట్టుకు కలుపు మందు కొట్టారేమో చేను వాళ్లను అడగండి. చెట్టులోకి ఇంకిన మందు ఎంత కడిగినా పోదు.

ఇక కామెర్ల పసరు. కలుషిత నీళ్లతో వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి, పేరు మాత్రం పసరుకొస్తుంది. పిత్తనాళం మూసుకుపోయి వచ్చినవైతే ఏ పసరుకూ తగ్గవు. గర్భిణికి వస్తే ఒక్క రోజు ఆలస్యం కూడా ప్రాణం మీదికి తేవచ్చు. కాబట్టి ముందు రక్త పరీక్ష చేయించండి. కంట్లో, ముక్కులో పసరు పిండనివ్వకండి.

షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు పొడపత్రి ఆకు జోడిస్తే షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే మొదట నొప్పి పెద్దగా తెలియదు, కానీ చూపు మసకబారుతుంది. ముల్లుకు పూసినా వెంటనే చేతులు కడుక్కోండి.

ఉమ్మెత్త, గన్నేరు, గురివింద గింజల జోలికి అసలు పోవద్దు. 2020 ఏప్రిల్‌లో, కరోనాకు మందని వీడియో చూసి, పక్కనున్న చిత్తూరు జిల్లాలో రెండు కుటుంబాల వాళ్లు ఉమ్మెత్త రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. నోరు పిడచకట్టుకుపోవడం, కంటిపాప పెద్దదవడం, మాట తడబడి ఏదేదో మాట్లాడటం ఉమ్మెత్త విషం లక్షణాలు.

పాము కరిస్తే ఏ ఆకూ వద్దు, నేరుగా ఆసుపత్రికే.

ఏది తిని తేడా చేసినా బలవంతంగా వాంతి చేయించకండి. 108కి ఫోన్ చేసి, తిన్న చెట్టు రెమ్మో కాయో కవర్లో వేసి వెంట తీసుకెళ్లండి. అది చూస్తే డాక్టరుకు విషమేదో త్వరగా తెలుస్తుంది.