నెట్ ఆపేశారా? ఉత్తర్వు కాపీ ఇలా రాబట్టండి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, అటు మహారాష్ట్రలోని సిరొంచ... ఎక్కడ నెట్ ఆగినా జనం ముందు కలెక్టరాఫీసుకే పరిగెడతారు. కానీ నెట్ ఆపే అధికారం రాష్ట్ర హోం కార్యదర్శిది. 2024 నవంబరు 22న వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, తప్పనిసరైతే జాయింట్ సెక్రటరీ స్థాయికి తగ్గని అధికారి ఉత్తర్వు ఇవ్వొచ్చు. దాన్ని 24 గంటల్లో హోం కార్యదర్శి ఖాయం చేయకపోతే చెల్లదు. గరిష్ఠ గడువు 15 రోజులు. ఏ ప్రాంతంలో, ఎన్నాళ్లు, ఎందుకు ఆపారో రాసి ప్రచురించాలి. ఉత్తర్వులు ప్రచురించాలని సుప్రీంకోర్టు కూడా 2020 జనవరి 10న, కశ్మీరులో నెట్ ఆపివేతపై నడిచిన అనురాధా భాసిన్ కేసులో చెప్పింది.

ముందు అది నిజంగా ఆపివేతేనా, టవరు పాడైందా తేల్చుకోండి. రెండు మూడు కంపెనీల సిమ్‌లు చూడండి. అన్నిట్లో ఒకేసారి డేటా పోయి, కాల్స్ మాత్రం వస్తుంటే అనుమానించాలి. ఆపేది టవర్లని, సిమ్‌ని కాదు. ఆంధ్రా సిమ్ ఉన్నా ఒడిశా టవరు పట్టుకుంటే నెట్ రాదు. సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం వైపు టవరు అందిన ఫోనులో వస్తుంటే అదే పెద్ద ఆధారం. ఒక్క వెబ్‌సైటే తెరుచుకోకపోతే సంగతి వేరు: ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద అడ్డుకున్నవాటి ఉత్తర్వులు రహస్యం, ఈ దారిలో రావు.

తేదీ, ఆగిన గంట, మళ్లీ వచ్చిన గంట, ఊరు, కంపెనీ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. గడియారం, సిగ్నల్ గుర్తు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. రేషన్ వేలిముద్ర పడకో, ఉపాధి హాజరు పడకో ఎవరైనా నష్టపోతే వాళ్ల వివరం కూడా రాయండి.

ఇక సమాచార హక్కు దరఖాస్తు. ఇక్కడే మన వాళ్లవి ఎక్కువగా తిరిగొస్తాయి. ఒడిశాలో తెలుగులో రాస్తే అధికారులు పట్టించుకోనక్కర్లేదు; సమాచార హక్కు చట్టం 6(1) సెక్షన్ ఒప్పుకునేది ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంత అధికార భాష మాత్రమే. ఒడియా తెలిసినవాళ్ల చేత రాయించండి, సిరొంచలో మరాఠీలో. ఒడిశాలో ఫారం ‘ఎ’ నింపి, గుర్తింపు కార్డు నకలు జతచేసి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. ఆంధ్రాలో కొన్న స్టాంపు అక్కడ చెల్లదు. మహారాష్ట్రలోనూ పది రూపాయలే, కానీ ఒక్క విషయం మీద 150 పదాలు దాటకూడదు.

పంపాల్సింది హోం శాఖ పౌర సమాచార అధికారికి: భువనేశ్వర్ లోక్‌సేవా భవన్, లేదా ముంబై మంత్రాలయ. స్పీడ్ పోస్టు రసీదు దాచండి. ‘ఎందుకు ఆపారు’ అని అడగకండి, ప్రశ్నకి జవాబివ్వక్కర్లేదంటారు. పత్రాలు అడగండి: ఫలానా తేదీన ఫలానా జిల్లాలో డేటా ఆపిన ఉత్తర్వు నకలు, దాన్ని ఎక్కడ ప్రచురించారో ఆ వివరం, ఉత్తర్వు వచ్చిన అయిదు రోజుల్లో దాన్ని పరిశీలించాల్సిన సమీక్ష కమిటీ భేటీ నమోదు.

శాంతిభద్రతల పేరు చెప్పి, అదే చట్టంలో దేశ భద్రత వంటి కారణాలతో సమాచారం ఆపే 8(1)(ఎ) సెక్షన్ కింద నిరాకరిస్తే అప్పీలులో ప్రచురణ తప్పనిసరన్న నిబంధననీ, సుప్రీంకోర్టు తీర్పునీ ఎత్తి చూపండి. రహస్యమైన భాగం తీసేసి మిగతాది ఇవ్వమని 10వ సెక్షన్ కింద అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా నిరాకరణ కిందే లెక్క; తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఇరవై రూపాయల స్టాంపుతో. అదీ తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి వెళ్లాలి. ఒడిశాలో పాతిక రూపాయలు, మహారాష్ట్రలో ఇరవై.

‘సమీక్ష రికార్డు మా దగ్గర లేదు’ అని జవాబొస్తే దాన్ని పారేయకండి. హైకోర్టులో రిట్ వేసే వకీలుకి అంతకన్నా గట్టి కాగితం దొరకదు.