గ్రూపు ఓ అని తేలింది, కానీ ఓ రక్తమే సరిపడటం లేదు

సమస్య: రోగిది ఓ గ్రూపు. బ్లడ్ బ్యాంకులో ఉన్న ఓ యూనిట్లలో ఏది క్రాస్‌మ్యాచ్ చేసినా (రోగి సీరమ్‌తో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంతో, దాత కణాలను కలిపి చూసినా) కణాలు గుత్తులు కడుతున్నాయి.

ముందు ఆటో కంట్రోల్ (రోగి సీరమ్‌ను రోగి కణాలతోనే కలిపిన గొట్టం) చూడండి. రోగి సీరమ్ తన సొంత కణాలనూ గుత్తులు కట్టిస్తుంటే ఆటో యాంటీబాడీలను (సొంత కణాలపైనే దాడి చేసేవి) అనుమానించి, అవి కణాలకు అంటుకున్నాయేమో చూసే డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష చేయాలి. సొంత కణాల జోలికి పోకుండా ఓ కణాలన్నిటితోనూ గట్టిగా ప్రతిచర్య చూపితే, మొదట గుర్తుకు రావలసింది బాంబే గ్రూపు.

కారణం: ఏ, బీ యాంటిజెన్లు (ఎర్రకణాలపై ఉండే గుర్తులు) తయారయ్యేది హెచ్ అనే యాంటిజెన్ మీదే. ఓ గ్రూపు వారి కణాలపై హెచ్ పుష్కలంగా ఉంటుంది. బాంబే గ్రూపు వారికి అదే లేదు. 1952లో డాక్టర్ భెండే బృందం బొంబాయిలో దీన్ని తొలిసారి వివరించింది. హెచ్ లేకపోవడం వల్ల వీరికి రక్తహీనత రాదు. ఆర్‌హెచ్ (హెచ్ కాదు, రక్తాన్ని పాజిటివ్, నెగెటివ్‌గా విడదీసే వేరే రకం) యాంటిజెన్లు ఏవీ లేని అరుదైన వారిలోనైతే కణాలు త్వరగా నశించి రక్తహీనత రావచ్చు. బాంబే వారికి ప్రమాదం బయటి రక్తంతోనే. సీరమ్‌లోని యాంటీ-హెచ్ (హెచ్‌పై దాడి చేసే యాంటీబాడీ) శరీర ఉష్ణోగ్రత దగ్గరా పనిచేసి, ఎక్కించిన ఓ కణాలను రక్తనాళాల్లోనే బద్దలు కొడుతుంది.

కణాల గ్రూపింగ్‌తో (రోగి కణాలపై ఏ, బీ ఉన్నాయా అని చూడటంతో) సరిపెట్టుకుంటే బాంబే గ్రూపు ఓ గ్రూపులాగే కనిపిస్తుంది. సీరమ్ గ్రూపింగ్‌లో (రోగి సీరమ్‌ను తెలిసిన గ్రూపు కణాలతో చూసేటప్పుడు) ఏ, బీ కణాలతో పాటు ఓ కణాలనూ తప్పక పెట్టాలి. ఆ ఒక్క గొట్టం ఒక ప్రాణం కాపాడగలదు, దయచేసి వదిలేయకండి. నిర్ధారణకు యాంటీ-హెచ్ లెక్టిన్ (హెచ్‌కు అంటుకునే మొక్క ప్రోటీన్) వాడాలి: ఓ కణాలు గుత్తులు కడతాయి, బాంబే కణాలు కట్టవు.

పరిష్కారం: ఇప్పటికే ఎక్కిస్తుంటే, చలి, జ్వరం, నడుము నొప్పి, ఎర్రటి మూత్రం కనిపించిన క్షణమే ఆపేయాలి. సెలైన్ కొనసాగిస్తూ డాక్టరును పిలిచి, సంచిని, రోగి కొత్త నమూనాను బ్లడ్ బ్యాంకుకు పంపాలి.

ఎర్రకణాలు బాంబే దాత నుంచే తీసుకోవాలి. ముందుగా తోబుట్టువులను పరీక్షించండి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే (లోపమున్న హెచ్ జన్యువు ఒకటి మోసేవారైతే) ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికం ఉన్న కుటుంబాల్లో దీన్ని మరీ గుర్తుంచుకోవాలి. ముందే నిర్ణయమైన ఆపరేషనైతే, ఆరోగ్యం అనుమతిస్తే రోగి రక్తాన్నే ముందుగా తీసి దాచవచ్చు.

సమస్య: తల్లిదండ్రులిద్దరి రిపోర్టుల్లోనూ ఓ, బిడ్డది ఏ.

కారణం: వారిలో ఒకరు బాంబే గ్రూపు కావచ్చు. ఏ జన్యువు ఉన్నా హెచ్ లేక బయటపడదు, బిడ్డలో కనిపిస్తుంది. తల్లిని అనుమానించే ముందు ఇద్దరికీ హెచ్ పరీక్ష చేయించండి.