స్పీచ్ థెరపీ పాఠాలు – 4: కాకిని 'తాతి' అనే బిడ్డకు 'క' నేర్పడం

పెదవులతో పలికే ప, బ, మ అయిపోయాయి. ఇప్పుడు 'క'. కాకిని 'తాతి', కోడిని 'తోడి' అనే పిల్లలు భవిత కేంద్రాల్లో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రాలు) తరచూ కనిపిస్తారు. నాలుక వెనక భాగం లేచి అంగిలికి తగలాల్సింది పోయి, కొన లేచి పళ్లకు తగులుతుంది. మామూలుగా ఇది మూడున్నర, నాలుగేళ్లకు దానంతటదే పోతుంది. డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం ఉన్న పిల్లల్లో బడికొచ్చాక కూడా ఉండిపోవచ్చు.

ముందు వినికిడి పరీక్ష చేయించండి. మాట ముక్కులోంచి వస్తుంటే అంగిలి కూడా చూపించాలి. అంగిలిలో చీలిక ఉంటే వైద్యం ముందు, సాధన తర్వాత.

కోట, తోట బొమ్మలు పక్కపక్కన పెట్టండి. మీ నోటికి కాగితం అడ్డుపెట్టుకుని ఒక మాట చెప్పి, అది ఏ బొమ్మో చూపించమనండి. పదికి ఎనిమిది సరిగ్గా చూపించేదాకా పలికించే పని పెట్టుకోకండి. చెవికి తేడా తెలియనిదే నోటికి రాదు.

ఇక అద్దం ముందు కూర్చోబెట్టండి. శుభ్రమైన ఐస్‌క్రీం పుల్లతో నాలుక కొనను కింది పళ్ల వెనక మెల్లగా అదిమి 'క' అనమనండి. కొన కదలదు కాబట్టి వెనక భాగం లేస్తుంది. పుల్ల కొన మీదే ఉండాలి, లోపలికి పోతే డోకు వస్తుంది. శబ్దం పలుకుతోందనగానే పుల్ల తీసేయండి, లేదంటే అది లేనిదే పలకరు. పుల్ల పెట్టనివ్వని బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి పలికించండి, నాలుక తన బరువుకే వెనక్కి జారుతుంది.

మొదటి మాట 'అక్క'. ఒత్తు దగ్గర నాలుక అంగిలికి ఆనుకుని ఆగుతుంది, ఆ చోటు బిడ్డకు తెలుస్తుంది. 'అక్' దగ్గర ఒక సెకను ఆపి వదలమనండి. 'అక్‌త' అంటే మీరు తొందరపెట్టారని అర్థం, ఇంకాస్త ఆపించండి. తర్వాత ముక్క, చుక్క.

ఆపైన కప్ప, కొమ్మ, కాఫీ. బొమ్మల పుస్తకంలో కనిపించే కోతి, కత్తి ఇప్పుడే వద్దు. వెనకున్న 'త' నాలుకను ముందుకు లాగి 'తోతి' అనిపిస్తుంది. కనకదుర్గ ఇంకా కష్టం, అందులో 'ద' కూడా ఉంది. బెజవాడ పిల్లలు రోజూ వినే పేరే అయినా, నలుగురిలో సరిదిద్ది బిడ్డను చిన్నబుచ్చకండి. ప్రస్తుతానికి 'అమ్మవారు' అంటే చాలు.

రోజుకు రెండు విడతలు, ఐదేసి నిమిషాలు. తప్పు పలికితే మీరొకసారి సరిగ్గా పలికి వినిపించండి. వరసగా మూడు రోజులు పదికి ఎనిమిది సరిగ్గా వస్తే వచ్చే పాఠంలోని 'గ'కు వెళ్లవచ్చు. 'దుంటూరు'ను గుంటూరు చేయడం అక్కడ చూద్దాం.