సాయంత్రం కాగానే గుక్కపట్టి ఏడ్చే పసిబిడ్డతో ఎలా నెట్టుకురావాలి

పాలు పట్టారు, త్రేన్పు వచ్చింది, డైపర్ మార్చారు, ఒళ్లు వెచ్చగా కూడా లేదు. అయినా పొద్దుగూకేసరికి బిడ్డ మొహం కందగడ్డలా చేసుకుని, పిడికిళ్లు బిగించి, కాళ్లు పొట్టలోకి ముడుచుకుని మొదలుపెడుతుంది. ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. దీన్నే డాక్టర్లు కోలిక్ అంటారు. ముందే చెప్పేస్తున్నా, ఈ ఏడుపును ఠక్కున ఆపేసే చిట్కా ఏదీ లేదు, ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీ పని రెండే: బిడ్డకు వేరే జబ్బేమీ లేదని తేల్చుకోవడం, ఆ రెండు మూడు గంటలు బిడ్డకూ మీకూ ఏమీ కాకుండా గట్టెక్కడం. ఈలోగా ఏడుపు తగ్గిందా, అదృష్టం అనుకోండి.

ఇది సాధారణంగా పుట్టిన రెండో మూడో వారంలో మొదలై, ఆరో వారం ప్రాంతంలో బాగా ముదిరి, మూడు నాలుగు నెలలకల్లా దానంతటదే పోతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే పుట్టిన రోజు నుంచి కాదు, డాక్టర్ ముందుగా ఇచ్చిన డెలివరీ తేదీ (డ్యూ డేట్) నుంచి లెక్కేసుకోవాలి. రోజుకు 3 గంటలకు పైగా, వారానికి 3 రోజులకు పైగా, 3 వారాలకు పైగా ఏడిస్తే కోలిక్ అని 1954లో వెసెల్ అనే పిల్లల డాక్టర్, ఆయన సహచరులు ఒక లెక్క పెట్టారు, ఇప్పటికీ చాలామంది అదే చెబుతుంటారు. కానీ పొట్ట, పేగుల సమస్యల్ని గుర్తించడానికి నిపుణులు పెట్టుకున్న, 2016లో వచ్చిన రోమ్ 4 ప్రమాణాల్లో, డాక్టర్లు మామూలుగా బిడ్డను చూసి తేల్చేందుకు, ఆ గంటల లెక్క తీసేశారు. ఐదు నెలల లోపు బిడ్డ, పైకి ఏ కారణమూ లేకుండా, ఎంత ఊరుకోబెట్టినా ఊరుకోకుండా మాటిమాటికీ ఎక్కువసేపు ఏడుస్తోందా, బరువు మాత్రం బాగానే పెరుగుతోందా, అది చాలు. కాబట్టి గడియారం పట్టుకుని కూర్చోనక్కర్లేదు. అసలు ఎందుకొస్తుందో మాత్రం ఇప్పటికీ తేలలేదు. గ్యాస్ అంటారు గానీ, చాలాసార్లు ఏడ్చి ఏడ్చి గాలి మింగడం వల్లే పొట్ట ఉబ్బుతుంది. తల్లిపాలు తాగేవాళ్లకూ వస్తుంది, డబ్బాపాలు తాగేవాళ్లకూ వస్తుంది, అందుకని "నీ పాలు బిడ్డకు పడట్లేదు" అని ఎవరైనా అంటే ఆ మాట పట్టుకుని పాలు మాన్పించకండి.

కోలిక్ అని పేరు పెట్టేముందు ఒకసారి బిడ్డ బట్టలన్నీ విప్పి మంచి వెలుతురులో తలనుంచి కాలి దాకా చూడండి. చేతివేళ్లు, కాలివేళ్లు ఒక్కొక్కటీ విడదీసి చూడండి, మగబిడ్డయితే అంగం కూడా, ఎందుకంటే రాలిన వెంట్రుక ఒకటి వేలికి చుట్టుకుని బిగుసుకుపోతే వేలు ఎర్రగా వాచి బిడ్డ ప్రాణం పోయేలా ఏడుస్తుంది, సాక్స్ వేసి ఉంటే అది ఎవరికీ కనబడదు. గజ్జల్లో గట్టిగా ఉబ్బుగా ఉందా (హెర్నియా కావచ్చు), ఒక కన్ను ఎర్రబడి నీళ్లు కారుతోందా, నోట్లో తెల్లటి పూత ఉందా, ఇవీ చూడండి. థర్మామీటర్ పెట్టండి, చేత్తో నుదురు ముట్టుకుని తేల్చేయకండి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే రాత్రి ఎంతయినా సరే హాస్పిటల్‌కి వెళ్లాల్సిందే. ఆకుపచ్చగా వాంతి అయినా, దొడ్డికి వెళ్తే రక్తం పడినా, మాడు ఉబ్బెత్తుగా కనిపించినా, పాలు ముట్టకపోయినా, లేపినా లేవకుండా మత్తుగా వేలాడిపోతున్నా, ఊపిరి తీసుకోవడానికి కష్టపడుతున్నా, రోజూ ఏడ్చే తీరు కాకుండా సన్నగా కీచుమని ఏడుస్తున్నా అంతే, తెల్లారనిద్దాం అనుకోవద్దు. కింద పడిందనో దెబ్బ తగిలిందనో అనుమానం ఉన్నా వెళ్లండి. ఇవేవీ లేకపోయినా ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపించి బరువు తూయించండి. ఆయనో ఆవిడో "బిడ్డ బాగుంది, కోలిక్కే" అన్నాక సగం టెన్షన్ పోతుంది.

పాల సంగతి. మొదటి వారం దాటాక రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువ డైపర్లు తడుస్తూ బరువు పెరుగుతుంటే పాలు సరిపోతున్నట్టే. ఏడ్చిన ప్రతిసారీ ఆకలి అనుకుని పట్టేస్తే, ముఖ్యంగా సీసాతో, పొట్ట నిండిపోయి కక్కుకుని ఇంకా చిరాకు పడుతుంది. గుక్కపట్టే దాకా ఆగకుండా, చెయ్యి నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతుక్కోవడం చూడగానే పాలు పడితే గాలి తక్కువ మింగుతుంది. సీసా అయితే బిడ్డను కాస్త నిటారుగా పట్టుకోండి, మధ్యలో ఒకటి రెండుసార్లు ఆపి త్రేన్పు తెప్పించండి. దొడ్డిలో రక్తం, జిగురు, ఒంటిమీద గజ్జి లాంటి దద్దుర్లు, మాటిమాటికీ వాంతులు ఇవి కూడా తోడైతే ఆవుపాల ప్రొటీన్ పడకపోయి ఉండొచ్చు, డాక్టర్‌ని అడగండి. అలాంటిదేమీ లేకుండా, పాలిచ్చే తల్లయితే మీకు మీరే ఒకటొకటిగా అన్నీ తినడం మానేసి నీరసపడిపోకండి.

ఇక ఊరుకోబెట్టడం. అందరూ చేసేది ఏంటంటే రెండు నిమిషాలు ఊపడం, ఊరుకోకపోతే గిలక, తర్వాత పాలు, తర్వాత లైటు, తర్వాత ఇంకొకరి చేతికి. పసిబిడ్డకు ఆ హడావుడే భరించలేనిది. ఒక పద్ధతి పట్టుకుంటే కనీసం ఐదు నిమిషాలు అదే చేయండి, గదిలో లైటు తగ్గించండి, టీవీ ఆపండి, మనుషుల్ని బయటకు పంపండి. నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువసార్లు పనిచేసేది ఎత్తుకుని నడవడమే. జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 2022లో దీన్ని పరీక్షించి చెప్పింది కూడా ఇదే: ఏడుస్తున్న బిడ్డను గుండెకు హత్తుకుని తల కదలకుండా పట్టుకుని, ఆగకుండా ఒకే తీరుగా 5 నిమిషాలు నడవాలి, నిద్రపోయాక వెంటనే దించేయకుండా ఒళ్లోనే పెట్టుకుని 5 నుంచి 8 నిమిషాలు కూర్చుని, అప్పుడు పక్కమీద వెయ్యాలి. అది చిన్న అధ్యయనమే, అందులోని పిల్లలు కోలిక్ పిల్లలు అని కాదు, కానీ పోయేదేముంది. ఆ కూర్చునే భాగాన్నే చాలామంది వదిలేస్తారు, బిడ్డ కళ్లు మూయగానే దించడం, అది లేవడం, మళ్లీ మొదటికి రావడం.

నడిచి కాళ్లు పీకితే పట్టుకునే తీరు మార్చండి. మీ ముంజేతి మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి, తల మీ మోచేతి వంపులో, కాళ్లు చేతికి అటొకటి ఇటొకటి, మీ అరచెయ్యి దాని తొడల మధ్యగా కింద ఆసరాగా ఉంచి, రెండో చేత్తో వీపు మెల్లగా నిమరండి. పొట్టమీద ఆ కాస్త ఒత్తిడి కొందరికి హాయిగా ఉంటుంది. అలాగే నిద్రపోతే మాత్రం పక్కమీద వెల్లకిలానే వెయ్యాలి. పలచటి గుడ్డలో చుట్టి పడుకోబెట్టొచ్చు, చేతులు ఎగరకుండా చుట్టండి గానీ తుంటి దగ్గర కాళ్లు ముడుచుకునేంత వదులుండాలి. దొర్లడానికి ప్రయత్నం మొదలెట్టిన రోజు నుంచి చుట్టడం మానెయ్యాలి. ఫ్యాన్ హోరు లాంటి ఏకధాటి శబ్దం కొందరికి పనిచేస్తుంది, ఫోన్లో పెడితే కనీసం 2 మీటర్ల దూరంలో, సౌండ్ తక్కువలో పెట్టండి, చెవి పక్కన వద్దు. పొట్ట నిమరడం, కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడించడం ఏడుపు లేని వేళల్లో చేయండి. గుక్కపట్టాక చేస్తే ఇంకా రెచ్చిపోతుంది.

మందుల విషయంలో నేను కాస్త కఠినంగానే చెబుతా. గ్యాస్ డ్రాప్స్ పేరుతో వచ్చే సిమెథికోన్ ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచేసినట్టు పరీక్షల్లో తేలలేదు, పెద్దగా హానీ లేదు. గ్రైప్ వాటర్‌కీ రుజువు లేదు, ఆరు నెలల దాకా పాలు తప్ప వేరేది పొయ్యకపోవడమే మేలు. డైసైక్లోమిన్ ఉన్న చుక్కల మందు ఆరు నెలల లోపు పిల్లలకు ఇవ్వకూడదు, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది, ఇంట్లో పాత సీసా ఏదైనా ఉంటే దాని మీద పేరు చదవండి. తేనె ఏడాది నిండేదాకా నాలుకకు కూడా రాయొద్దు, బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావొచ్చు. లాక్టోబాసిల్లస్ రూటెరి అనే ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) చుక్కలు మాత్రం, అందులోనూ డీఎస్ఎం 17938 రకం, తల్లిపాలు తాగే పిల్లల్లో ఏడుపు కొంత తగ్గించినట్టు అధ్యయనాలున్నాయి. డాక్టర్ సరే అంటే వాడి చూడొచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది మీ చేతుల సంగతి. గంటసేపు చెవిలో ఆ ఏడుపు మోగితే ఎంత ఓపికున్న మనిషికైనా ఒక్క క్షణం ఒళ్లు మండుతుంది, అది రాక్షసత్వం కాదు. ఆ క్షణంలో బిడ్డను కుదపకూడదు, ఒక్కసారి కూడా. మెడ నిలవని పిల్లల్ని గట్టిగా కుదిపేస్తే మెదడులో రక్తస్రావం అయి చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. పళ్లు బిగుసుకుంటున్నాయని తెలియగానే బిడ్డను దిండ్లు, దుప్పట్లు లేని గట్టి పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరేసి బయటకు వచ్చేయండి. ఐదు పది నిమిషాలు నీళ్లు తాగండి, మొహం కడుక్కోండి, ఎవరికైనా ఫోన్ చెయ్యండి, తర్వాత వెళ్లి చూడండి. ఏడుస్తూ పది నిమిషాలు పక్కమీద ఉన్నందుకు బిడ్డకు ఏమీ కాదు. నిద్ర ఆపుకోలేకపోతున్నప్పుడు సోఫాలో బిడ్డను పట్టుకుని కూర్చోకండి, అక్కడ నిద్రపోతే బిడ్డ ఊపిరాడకుండా ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ.

ఇంట్లో ఇంకొకరుంటే వంతులు ముందే, మధ్యాహ్నమే మాట్లాడుకోండి, ఏడుపు మధ్యలో మాట్లాడుకుంటే పోట్లాటే అవుతుంది. ఒకరు గంటసేపు ఎత్తుకుంటే రెండోవాళ్లు వేరే గదిలో నిజంగా పడుకోవాలి, తలుపు దగ్గర నిలబడి సలహాలు ఇవ్వడం కాదు. చూడ్డానికి వచ్చేవాళ్లు సాయం చేస్తామంటే బిడ్డను కాదు, గిన్నెలు అప్పజెప్పండి. తల్లికి రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉన్నా, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర రాకపోయినా, బిడ్డకో తనకో ఏదైనా హాని చేయాలన్న ఆలోచన వచ్చినా, అది ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, చికిత్స ఉంది. ఆ చివరి ఆలోచన వస్తే మాత్రం అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, తల్లిని ఒంటరిగా వదలకూడదు.

నాలుగు నెలలు దాటినా ఏడుపు తగ్గకపోతే, లేదా బాగుండి బాగుండి ఉన్నట్టుండి ముదిరితే మళ్లీ డాక్టర్‌కి చూపించండి. వెళ్లేముందు రెండు మూడు రోజులు ఏడుపు ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు, పాలు ఎప్పుడు పట్టారు, దొడ్డి ఎలా ఉంది అని ఫోన్లో రాసుకోండి, ఒకసారి వీడియో తీసి పెట్టుకోండి. అక్కడికి వెళ్లేసరికి బిడ్డ హాయిగా నవ్వుతూ ఉంటుంది మరి.